మొక్కు తీర్చుకున్న ముఖం

యంత్రాలన్నీ ఒక్కటై మనుషుల మీద నిఘా పెడతాయని ముందే ఊహించిన పాత నవలలు ఏవని మొన్నామధ్య మా పాఠకుల గ్రూపులో ఎవరో అడిగారు. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సులో కూర్చుని దానికి వచ్చిన జవాబులు చదువుతున్నాను. ఏ నవల ముందు చెప్పిందన్న దాని మీద ఒకటే వాదన.

పక్కన తలమీద కొంగు కప్పుకున్న ముసలమ్మ నా ఫోనులోకి తొంగిచూసింది. "ఏం సదువుతాండావప్పా?"

"యాడికి పోయినా మనల్ని గుర్తుపట్టే మిషన్ల కథలవ్వా."

ఆమె కొంగు తీసి నున్నటి గుండు చూపించింది. "పింఛను వస్తే ఎంట్రుకలు ఇస్తానని మొక్కుకుంటి. వచ్చినాది. మంత్రాలయం పోయి గుండు కొట్టించుకుంటి. ఇప్పుడు ఆఫీసోళ్ల ఫోను నా ముఖం సూసి నేను నేను కాదంటాది. పింఛను ఇయ్యకుండా ఎంట్రుకలు పెరిగినంక రమ్మని పంపించినారు."

నాకు ఒళ్లు మండింది. ఎవరిని తిట్టాలో తెలియలేదు.

ఆమె ముఖం తుడుచుకుని నిటారుగా కూర్చుంది. "నీ ఫోనన్నా సూస్తాదేమో నా ముఖానికి పట్టప్పా."

గ్రూపు మూసేసి కెమెరా తెరిచాను. ఏ ముఖం కనబడినా పడే పసుపు గీత వెంటనే ఆమె ముఖం చుట్టూ పడింది.

"సూసింది గదా?"

"చూసిందవ్వా."

ఆ మాట ఎవరికి చెప్పుకోవాలో ఇద్దరికీ తెలియలేదు.