నా ఒక్కడికే వినబడిన పేర్లు

నా చెవుల్లో కొందరు ఆడవాళ్ల పేర్లు ఉండిపోయాయి. ఏళ్లయింది. అవి నాకోసం పలికినవి కావు, చేరాల్సినవాళ్లకు చేరకుండా నేనే ఆపేశాను. పెళ్లి పందిట్లో వైర్లు సరిచేస్తున్నా, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా ఉన్నట్టుండి అవి వరసగా వినిపిస్తాయి. ఒక్కో పేరు తర్వాత కాస్త ఖాళీ. పేర్లకంటే ఆ ఖాళీయే నాకు బరువు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. తెలిసినవాళ్ల దగ్గర పెగలని నోరు మీ దగ్గరైనా పెగులుతుందేమోనని మొదలుపెట్టాను.

మాది తర్లుపాడు దగ్గర పల్లె. మా అమ్మ కూలికి పోయేది, ఇప్పటికీ పోతుంది. వాళ్ల ముఠాలో పాట ఎత్తేది సువార్తమ్మ. నాకు అత్త వరస. మా పొలాల్లో కలుపు పాట ఎలా నడుస్తుందో ముందు చెప్పాలి, లేకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. ఒకరు ఎత్తితే మిగతావాళ్లు అందుకుంటారు. చరణం అయ్యాక పాట ఎత్తినామె ఆగుతుంది. ఊపిరి పీల్చుకుని, ముఠాలో ఎవరో ఒకరి పేరు పెట్టి పాడుతుంది. సాలులో వెనకబడినామె పేరో, ఇంట్లో గొడవపడి వచ్చి మాట్లాడకుండా పని చేస్తున్నామె పేరో. పేరు వచ్చినామె ‘ఓయ్’ అని పలకాలి. పలికేదాకా పాట ముందుకు పోదు. మా అమ్మ నీళ్లకు పోయినప్పుడు ఆమె పేరు వస్తే గట్టు మీద కూర్చున్న నేను పలికేవాణ్ని. అందరూ నవ్వేవాళ్లు. నాకు మహా గర్వంగా ఉండేది.

పెద్దయ్యాక మార్కాపురంలో మైకుసెట్టు దుకాణంలో పని నేర్చుకుని, హైదరాబాదులో ఒక సౌండు కంపెనీలో చేరాను. ఆ రోజుల్లోనే మిరప చేలో సువార్తత్త పాడుతుంటే ఎవరో ఫోనులో తీశారు. ఆ పాట ఎక్కడెక్కడికో పోయింది. ఒక టీవీ ఛానెల్ వాళ్లు సంగీత అవార్డుల పండగ చేస్తూ, జానపదం కోసం ఆమెను పిలిపించారు. ఆ సభకు సౌండు మా కంపెనీదే.

బయలుదేరే ముందు అత్త ముఠాలో అందరికీ మాటిచ్చిందట. టీవీలో మీ పేర్లు ఎత్తుతాను, మీరు ఇంట్లో కూర్చుని పలకండి అని. మా అమ్మ ఫోనులో ఈ సంగతి చెప్పి చిన్నపిల్లలా నవ్వింది. అందరూ మా ఇంట్లోనే కూర్చుని చూస్తారట.

ఆ సభల్లో తెర మీద ‘లైవ్’ అని రాస్తారు. అందులో సగమే నిజం. రిహార్సల్లో పాడిన పాటను మేం రికార్డు చేసి పెట్టుకుంటాం. వేదిక మీద పాడుతున్నప్పుడు అది లోపల్లోపల నడుస్తూనే ఉంటుంది. పాడేవాళ్లు తడబడితే మైకు మీట కిందికి, రికార్డు మీట పైకి. ఇంట్లో చూసేవాళ్లకు తేడా తెలియదు. పేరున్న గాయకులకూ ఇలా కాపాడతాం. తర్వాత వాళ్లు వచ్చి భుజం తట్టి పోతారు.

ముందురోజు రిహార్సల్లో అత్త పేర్లు ఎత్తలేదు. పాట గుక్క తిప్పుకోకుండా పాడేసింది. పలికేవాళ్లు లేనిచోట పేర్లు ఎత్తరు మరి. అసలు సభ వేరు. అప్పుడు ఊళ్లో ముఠా అంతా టీవీ ముందు ఉంటుంది, కాబట్టి అప్పుడు ఎత్తాలి. ఆమె లెక్క అది. ఆ హాలు మొత్తంలో ఆ లెక్క తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. మీటల బల్ల దగ్గర నాకు పైవాడైన మా పెద్దాయనకు ముందే ఒక మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. అత్త నన్ను చూసి ‘మా వదిన కొడుకు’ అని అందరికీ చూపిస్తుంటే, నేను తల వంచుకుని వైర్లు చుట్టుకుంటున్నాను. సిగ్గుపడ్డాను. ఇంతకంటే మర్యాదైన మాట ఏదీ నాకు దొరకడం లేదు.

సభలో మొదటి చరణం ఆమె ఎంత బాగా పాడిందంటే, ముందు వరసలో ఫోనులు చూసుకుంటున్నవాళ్లు తలెత్తారు. చరణం అయింది. ఆమె ఆగింది.

‘మరిచిపోయింది, రికార్డు ఎక్కించు!’ అని మా పెద్దాయన అరిచాడు. నా చేతులు ఆ పని చేసేశాయి. ఇక్కడిదాకా క్షమించవచ్చునేమో. కానీ నా చెవులకు హెడ్‌ఫోన్లు ఉన్నాయి. బయటికి పోకుండా ఆపేసిన మైకు కూడా వాటిలో వినిపిస్తుంది. హాల్లోనూ టీవీలోనూ నిన్నటి పాట మోగుతుంటే, నా చెవుల్లో అత్త పేర్లు ఎత్తడం మొదలుపెట్టింది. ఒక పేరు. ఖాళీ. ఇంకో పేరు. ఖాళీ. మీట నా వేలి కిందే ఉంది. పైకి తోస్తే చాలు. ఎందుకు తొయ్యలేదు? ఉద్యోగం పోతుందని భయపడ్డానా? లేక, మా అమ్మలాంటి కూలివాళ్ల పేర్లు ఆ మెరుపుల మధ్య మోగితే పక్కనున్నవాళ్లు నా వైపు చూస్తారని బెదిరానా? ఈ ప్రశ్న నాకు నేను ఎన్నిసార్లు వేసుకున్నా మొదటి జవాబుకే మొగ్గుతాను, అది కాస్త గౌరవంగా ఉంటుంది కాబట్టి. నిజం రెండోదేనని లోపల తెలుసు.

టీవీలో మాత్రం పాట సాగుతూనే ఉంటే, పేరుకూ పేరుకూ మధ్య సువార్తమ్మ నోరు మూసుకుని నిలబడింది. ఆ ముక్క కత్తిరించి, నోరు తెరవకుండా పాడే గాయని అని ఫోనుల్లో తిప్పుకుని నవ్వారు. ఊళ్లో ఎవరూ నవ్వలేదు. వాళ్లు పలకడానికి సిద్ధంగా కూర్చున్నారు. ఒక్క పేరూ రాలేదు.

కొన్నాళ్లకు నేను ఊరికి పోయాను. నేను వచ్చానని తెలిసి అత్త మా ఇంటికి వచ్చింది. అమ్మ ఆమెకు మంచం వాల్చలేదు.

“ఒరే నాయనా, నువ్వు ఆడనే ఉన్నావు గదా. నేను పేర్లు ఎత్తినానా లేదా? మీ అమ్మకు చెప్పు.”

“నాకు వినబడలేదత్తా.”

“అదేంది? చెవులకు అంతంత పెట్టుకోని ఉంటివి గదా!”

“పాట మరిచిపోయినావేమో అనుకున్నా.”

“పోనీలే వదినా,” అంది అమ్మ. “పెద్దదానివయినావు. మా పేర్లతో నీకేం పని?”

అత్త నా ముఖంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే నిజం చెప్పేసేవాణ్నేమో.

“అట్లనే అయ్యుంటదిలే,” అంది. “ఆ లైట్లకు తల తిరిగింది. ఎత్తినాననుకున్నా. మరిచిపోయినానేమో.”

నా మాట నమ్మి తన నోటిని తానే అనుమానించుకుంది. మైకు ఆపడం ఒక తప్పు. దాన్ని మించిన తప్పు మా ఇంటి గడప దగ్గర, పట్టపగలు, నింపాదిగా చేశాను.

ఆ తర్వాత ఆమె పాట ఎత్తలేదు. వేరే ముఠాతో కలిసి ఆటోలో పొదిలి వైపు పనికి పోతుంది. మా అమ్మవాళ్ల ముఠాలో అందరికంటే పెద్దది ఎలీశమ్మ. అత్తకు ఆ పాట నేర్పింది ఆమే. ‘నా పేరు కూడా మరిచె’ అని అనుకుంటూనే పోయింది. ఆమెకు ఇక ఎవరూ చెప్పలేరు. మిగతావాళ్లకు చెప్పవచ్చు. చెబుతానా? పోయినసారి కూడా అత్త వాకిలి దాకా పోయి, బాగున్నావా అని అడిగి తిరిగి వచ్చేశాను. నాకు మజ్జిగ ఇచ్చింది. తాగాను కూడా.

కనీసం ఇక్కడైనా రాయనివ్వండి. ఆ సాయంత్రం ఆమె ఎత్తిన పేర్లు ఇవి, ఎత్తిన వరసలోనే: ఎలీశమ్మ. కోటమ్మ. ఖాజాబీ. రాహేలు. ఆఖరున మరియమ్మ.

మరియమ్మ మా అమ్మ. ఆ పేరు తర్వాత అత్త మిగతావాటికంటే ఎక్కువసేపు ఆగింది. వేదిక మీద నుంచి, ఆ లైట్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, నా బల్ల వైపు చూసింది. అమ్మ దగ్గర్లో లేనప్పుడు గట్టు మీది నుంచి నేను పలికేవాణ్ని కదా, పలుకుతాననుకుంది.

నేను తల వంచుకున్నాను.

నాకు వినబడింది అత్తా. అన్నీ వినబడ్డాయి.