దూకమన్న నాయన

మాది ధర్మవరం. అరవయ్యో దశకంలో నేను ఎనిమిదో తరగతి చదువుతున్నప్పటి మాట. నాయన పట్టుచీరలు నేసేవాడు. బడి నుంచి వచ్చి రాట్నం మీద కండెలకు పట్టుదారం చుట్టి ఇవ్వడం నా పని. అరచేయి గరుకుగా ఉంటే పట్టుపోగు తగులుకుని తెగిపోతుంది. అందుకే నా ఖోఖో అంటే ఆయనకు మంట. "కిందపడి చేతులు గీరుకున్నావంటే బడి మాన్పిస్తా" అనేవాడు.

ఆ ఏడు పోటీలు పెనుకొండలో జరిగాయి. ఆట చివరికొచ్చింది. ఇంకొక్క అమ్మాయిని అవుట్ చేస్తే గెలుపు మాదే. ఆమెను తరుముతూ తలెత్తితే, గీత అవతల చీరల మూటతో నాయన! బేరానికి వచ్చినవాడు ఇటు తిరిగినట్టున్నాడు. నా పరుగు నెమ్మదించింది. దూకితే ఆ అమ్మాయి దొరుకుతుంది. కానీ నేలంతా గులకరాళ్లు.

"దూకు పాపా! ఏం చూస్తాండావు, దూకు!"

మగ్గం గుంటలో కూర్చుని ఏనాడూ గొంతు పెంచని మనిషి అరుపది. దూకాను. గెలిచాం. అరచేతులు రెండూ చెక్కుకుపోయాయి.

అవి మానేదాకా కండెలు నాయనే చుట్టుకున్నాడు. ఆటలతో పిల్లలకు ఏమొస్తుందో అందరూ చెబుతారు. కన్నవాళ్లకు ఏమొస్తుందో నేను అప్పుడు చూశాను. ఇంటికి ఎవరొచ్చినా, "మా పాప చేతులు పాడు చేసుకునిందబ్బా, పని నిలిచిపోయుండాది" అని మొదలుపెట్టేవాడు. ఎట్లా అని వాళ్లు అడిగితే చాలు, మగ్గం ఆపి ఆటంతా మొదటినుంచీ చెప్పేవాడు.

మొదటి సగం ఆయన చూడనే లేదు.