బరువు దించే చోటు

అరవనాట సింగానల్లూరు దాటి బయటికి పోయే రోడ్డు మీద, మూతపడిన మిల్లు గోడ అయిపోయేచోట ఒక బస్‌స్టాప్ ఉంది. దానికి సరిగ్గా ఎదురుగా అయ్యసామి వెల్డింగు షాపు. అతను చేసిన గేటు ఎంత గట్టిదంటే, ఒక ఇంటికి కన్నం వేయడానికి వచ్చిన దొంగ తెల్లవారేదాకా దానితో కుస్తీ పట్టి, ఓడిపోయి, మర్నాడు తన ఇంటికీ అలాంటిదే ఒకటి కావాలని వచ్చాడని చెప్పుకుంటారు. అయ్యసామి ఆ మాటకు ఔననడు, కాదనడు. మాస్కు దించుకుని నిప్పురవ్వల్లోకి తల దూరుస్తాడు.

ఆ షాపులో కూర్చునే అయ్యసామి మూడు షెల్టర్ల గతి చూశాడు. మొదటిది సిమెంటుది. ప్రేమికులు దానిమీద పేర్లు చెక్కారు, పార్టీలవాళ్లు ఆ పేర్ల మీద పోస్టర్లు అంటించారు, మేకలు ఆ పోస్టర్లను తిన్నాయి. గోడ నిలబడింది పోస్టర్ల మందంతోనే గనుక, మేకలు కడుపునిండా తిన్న మర్నాడే అది కూలిపోయింది. రెండోది స్టీలుది. దాని సీట్లు ఒక్కొక్కటే మాయమయ్యాయి. కొన్నాళ్లకు ఒక టీకొట్టు ముందు అచ్చం అలాంటి బెంచీ వెలిసింది. అందరూ దానిమీద కూర్చుని టీ తాగారు తప్ప ఎవరూ ఏమీ అడగలేదు.

మూడోదాన్ని, ఇక ఎవడూ పాడుచేయలేని డిజైన్ అని చెప్పి తెచ్చి నిలబెట్టారు. నిజమే, పాడుచేయడానికి అందులో ఏమీ లేదు. కూర్చోవడానికి రెండు గొట్టాలు, అవి కూడా ముందుకు వాలుగా. ఎవడూ పడుకోకూడదని అలా వంచారట. పడుకునేవాడు హాయిగా నేలమీద పడుకున్నాడు. కూర్చోవలసిన ముసలివాళ్లు మాత్రం జారి జారి, చివరికి నిలబడడమే మేలనుకున్నారు. కప్పు ఎంత పైన కట్టారంటే, పొద్దున దాని నీడ మిల్లు గోడకు, సాయంత్రం అయ్యసామి షాపుకు పనికొచ్చేది. బస్సుకోసం నిలబడినవాడి నెత్తిన పడింది ఎండే. ఆ షెల్టర్‌నూ జనం వదల్లేదు. లైటు పగలగొట్టారు. వెనక రేకుకు కన్నాలు పొడిచారు.

అయ్యసామికి ఒక్కతే కూతురు, అభిరామి. ఆ స్టాపులోనే బస్సెక్కి బనియన్ల కంపెనీకి పోయేది. పెళ్లయినాక కూడా పక్క వీధిలోనే కాపురం, అదే బస్సు. ఎనిమిదో నెలలో ఒక పొద్దున ఉన్నట్టుండి ఫిట్సు వచ్చాయి. సీమంతం నాడు తొడిగిన గాజులు చేతికి ఉండగానే, కడుపులో బిడ్డతోనే పోయింది.

తల్లి పరమేశ్వరికి ఆనాటినుంచి నిద్ర లేదు. కన్ను మూస్తే కూతురు కనిపించేది. ఏడవదు, పిలవదు. రోడ్డు పక్కన నిలబడి, రెండు చేతులా కడుపు పట్టుకుని, ఎక్కడ కూర్చోవాలా అని అటూ ఇటూ చూస్తుంటుంది.

"అది నిలబడే ఉండాదండి," అనేది మొగుడితో. "నేనెట్ల కూసుని తినేది?"

నిలబడి నాలుగు ముద్దలు తినేది. పోనుపోను ఆ ముద్దలూ తగ్గాయి. జాకెట్టు భుజాల మీదినుంచి జారిపోయేంత చిక్కిపోయింది. డాక్టరు బలానికి సీసా మందు రాసిచ్చాడు. ఆ మందూ నిలబడే తాగేది, తాగినది కాసేపటికి కక్కేది.

దిండిగల్ పక్క పల్లెనుంచి పరమేశ్వరి మేనత్త అంజలమ్మ చూడడానికి వచ్చింది. ముసలామె మేనకోడలి వాలకం చూసి ముందు అడిగిన మాట ఇదే.

"కడుపుతో పోయిన బిడ్డకు రాయి నాటినారా కన్నా?"

నాటలేదని తల దించుకుంది పరమేశ్వరి.

"అందుకే అది నిలబడి ఉండాది. మీకు చెప్పే పెద్దోళ్లు లేకపోయిరి."

పాత దారుల పక్కన ఇప్పటికీ అలాంటి రాళ్లు అక్కడక్కడ కనిపిస్తాయి. రెండు నిలువు రాళ్లు, వాటిమీద అడ్డంగా ఒకటి, మనిషి మెడ ఎత్తున. అరవంలో సుమైతాంగి అంటారు. నెత్తిన మోపుతో పోయేవాడు ఇంకొకడి చెయ్యి సాయం లేకుండా బరువును దానిమీదికి దించుకుని, ఊపిరి పీల్చుకుని, మళ్లీ ఎత్తుకుని పోవచ్చు. బిడ్డను కనకుండా పోయిన ఆడదాని పేరున ఇంటివాళ్లు నాటిస్తారు. దారినపోయేవాడెవడో బరువు దించిన క్షణాన, ఆమె బరువు కూడా దిగుతుందని నమ్మకం.

"ఏడాది తిరిగేలోపల దిగాల," అంది అంజలమ్మ. "ఇంకొకటి. ఎవరినీ అడిగి దించమనకూడదు. చెప్పి చేయించుకుంటే అది మనం మోసినట్టే. వానంతట వాడు దించాల."

అయ్యసామి రాళ్లు తెప్పించి మిల్లు గోడ పక్కన నాటాడు. వారం తిరక్కముందే కాలువ తవ్వే యంత్రం వచ్చి, చెత్తతోపాటు వాటినీ లారీలోకి ఎత్తేసింది. ఇంకోచోట నాటుదామంటే, రోడ్డు పక్కన చారెడు నేలకైనా ఎవడో ఒక యజమాని మీసం తిప్పుతూ నిలబడ్డాడు.

అప్పుడతనికి ఎదురుగా ఉన్న షెల్టర్ కనిపించింది. ఈ కాలంలో బరువులు మోసేవాళ్లు నడిచిపోతున్నారా? అందరూ వచ్చి నిలబడేది అక్కడే కదా. లావాటి ఇనుప పలకకు రెండు కాళ్లు అమర్చి, పలక మెడ ఎత్తున ఉండేలా ఆ కాళ్లను షెల్టర్ వెనక స్తంభాలకు వెల్డింగు చేశాడు. పట్టపగలే చేశాడు. మాస్కు పెట్టుకుని రోడ్డుమీద పనిచేసేవాణ్ని లోకం ప్రభుత్వమనే అనుకుంటుంది. ఒక పెద్దాయన వచ్చి, తమ వీధికి నీళ్లు రావడంలేదని అతనికే గట్టిగా చెప్పి, రేపటిలోగా రావాలని హెచ్చరించి పోయాడు.

పరమేశ్వరి పలకకు పసుపు రాసి కుంకుమ పెట్టింది. షాపు గడపలో నిలబడి చూడసాగింది.

కొంప మునిగింది అక్కడే. ఆకుకూరల జోతిమణి పెద్ద గంపతో వచ్చింది. జోతిమణి పలకను చూసింది, పసుపును చూసింది, గంపను కింద పెట్టి, పసుపును ముట్టి కళ్లకద్దుకుంది. పోతూ పోతూ రెండు పూలు పలకమీద ఉంచింది. మర్నాడు ఎవరో కర్పూరం వెలిగించారు. ఇంకా రెండు రోజులు ఊరుకుంటే పూజారి కూడా పుట్టుకొచ్చేవాడు. పసుపు పూసిన చోట మూట పెట్టే పాపానికి ఎవరు ఒడిగడతారు?

పరమేశ్వరి తన చేత్తోనే పసుపు కడిగేసింది. కడిగిన పూటే దేవుడు వెళ్లిపోయి ఊరి జనం వచ్చారు. ట్యూషన్ సెంటరు కాగితం అంటించారు. తాగిన సీసాలు వరసగా పేర్చారు. ఒకడు ఏకంగా దానిమీదికి ఎక్కి ముడుచుకుని పడుకున్నాడు. బరువు మాత్రం ఎవడూ దించలేదు. ఇప్పటి బరువులకు చక్రాలున్నాయి, వీపుకు తగిలించుకునే పట్టీలున్నాయి. ఒకచోట దించి అమ్మయ్య అనుకోవలసిన పని ఎవరికీ పడలేదు.

ఏడాది తిరిగే రోజు దగ్గరపడింది. పరమేశ్వరి గోడ పట్టుకుని నిలబడుతోంది. అయ్యసామికి మతి తప్పినట్టయింది. మార్కెట్లో మూటలు మోసే జెబరాజ్‌ను పట్టుకున్నాడు.

"ఒక మూట తెచ్చి ఆ పలకమీద దించిపో తమ్ముడా. మా ఇంటామె చూస్తుండాది."

"మీ సామికి నేను మూట దించితే మా చర్చి ఫాదర్ ఏమంటారో అన్నా."

"సామి కాదురా. ఉత్త ఇనుము."

"ఇనుమైతే సరి. ఇనుముకు మతం లేదు."

సాయంత్రం జెబరాజ్ తవుడు మూటతో వచ్చాడు. కాన్వెంటు వార్షికోత్సవంలో రోమన్ సైనికుడి వేషం కట్టిన పిల్లవాడిలా ముందు షాపువైపు చూశాడు. లేని చెమట తుడుచుకున్నాడు. మూటను పలకమీద ధబీమని వేసి, "అమ్మాడీ" అని ఎంత గట్టిగా అన్నాడంటే, పోతున్న టౌన్ బస్సు డ్రైవరు బ్రేకు వేసి కిందికి తొంగిచూశాడు.

పరమేశ్వరి మొగుడివైపు తిరిగింది.

"మీరు చెప్పి పంపినారు," అంది.

"నేనా? నేనేల చెప్తాను?"

"ఇన్నేండ్లుగా మార్కెట్లో చూస్తుండాను. అతను ఎప్పుడు మూట దించినా యేసప్పా అంటాడు." చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నన్ను ఏమార్చచ్చు మీరు. దాన్నెట్ల ఏమార్చేది?"

ఆ పూట ఆమె నీళ్లు కూడా ముట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఒక వ్యాను వచ్చి షెల్టర్ ముందు ఆగింది. అందులోనుంచి భూపతి దిగాడు. షెల్టర్లు చూసుకునే కాంట్రాక్టు కంపెనీ సూపర్‌వైజరు, తలుపుకు అడ్డం పెట్టదగ్గ మనిషి. భుజాన బరువైన సంచీ. నట్లూ బోల్టులూ కుర్రాళ్ల చేతికిస్తే పాత ఇనుము కొట్టుకు దారి వాటికవే కనుక్కుంటాయని, ఎక్కడికి పోయినా తనే మోస్తాడు. మెడ ఒక పక్కకు వంగిపోయి ఉంది.

పలకను చూసి, "యారుయ్యా ఇదు వెచ్చదు?" అని అరిచాడు. ఎవడురా ఇది పెట్టింది అని.

అయ్యసామి షాపులోకి తిరిగి, "నువ్వు బయటికి రావద్దు, నేను మాట్లాడతా," అని పెళ్లానికి చెప్పి రోడ్డు దాటాడు.

ఆ మాటలు విని భూపతి ముఖం మారింది. "తెలుగా? మనవాళ్లేనా? మాది తేని పక్క పల్లె." మళ్లీ గొంతు సూపర్‌వైజరుది అయింది. "నువ్వా దీన్ని అతికించింది?"

"నేనే సార్. సీట్లు పోయినప్పుడు ఎవరూ రాలేదు, లైటు పగిలినప్పుడు రాలేదు, దీనికి వచ్చినారా?"

"పోయినదాన్ని పోయిందని రాసుకుంటాము. లేనిది కొత్తగా వస్తే ఏమని రాసేది? పబ్లిక్ సొత్తు పాడుచేసినట్టు కేసు అవుతాది తెలుసా?"

"పాడు చెయ్యలేదు సార్. చేర్చినాను."

"రెండూ ఒకటే. ఈ డిజైన్ ఏల చేసినారంటావు? ఎవడూ పడుకోకూడదు, ఎవడూ ఏమీ పెట్టకూడదు. వచ్చినావా, నిలబడినావా, బస్సెక్కినావా, అంతే. మనవాడివని కేసు లేకుండా వదిలేస్తా. నీ మెషీన్ తెచ్చి నువ్వే కోసెయ్."

"నాలుగు దినాలు ఆగండి సార్."

"ఏల?"

ఎందుకో చెప్తే ఈయన ఆగుతాడేమో అనుకున్నాడు అయ్యసామి. జాలిపడి తన సంచీ తనే దించుతాడేమో. అప్పుడది అడిగి దించుకున్నట్టే అవుతుంది. కూతురికోసం చెప్పగలిగిన ఒక్క మాట, కూతురికోసమే మింగవలసి వచ్చింది.

"ఊరికే అడిగినాను సార్," అన్నాడు.

కటింగ్ మెషీన్ తెచ్చాడు. షాపులోనుంచి పొడుగాటి వైరు లాగాడు. తను అతికించినదాన్ని తనే కోయడం అయ్యసామికి కొత్త కాదు. కొలత తప్పిన గేట్లు ఎన్ని కోయలేదు? అయినా చక్రాన్ని ఇనుముకు ఆనించేముందు ఒకసారి షాపు గడపవైపు చూశాడు. రవ్వలు లేచాయి. ఎడమ కాలు తెగింది. పలక కుడికాలి మీద వేలాడుతూ నిలిచింది.

అప్పుడు భూపతి ఫోను మోగింది. మెషీన్ ఆపమని చెయ్యి ఊపాడు. కంపెనీ యజమాని కాబోలు, గొంతు చిన్నబోయింది. "ఆమా సార్, ఇంగదాన్ సార్," అని, ఔను ఇక్కడే ఉన్నానంటూ, చోటు చూసుకోకుండానే సంచీని వాలు గొట్టాల మీద పెట్టాడు. జారింది. పట్టుకుని మళ్లీ పెట్టాడు. మళ్లీ జారింది. కింద చూస్తే తాంబూలపు ఉమ్ములు, బురద. ఫోను చెవికి నొక్కుకునే, చూడకుండా, ఆ సంచీని వెనక్కి ఎత్తి పలకమీద పడేశాడు. రోడ్డువైపు తిరిగాడు.

తెగిన పక్క పలక వంగింది. అయ్యసామి ఆలోచించలేదు. మోకాళ్లు వంచి ఆ పలక కింద భుజం పెట్టాడు. అప్పుడే కోసిన ఇనుము. చొక్కా కాలింది, తర్వాత చర్మం కాలింది. పళ్లు బిగించాడు. చప్పుడు చేస్తే ఆయన తిరిగి చూస్తాడు, చూస్తే సంచీ తీసేస్తాడు.

భూపతి మెడను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. చిటుక్కుమని విరుచుకున్నాడు. ఖాళీ అయిన భుజాన్ని చేత్తో పిసుక్కుని, యజమాని మాటల మధ్యలో, ఎవరికోసమూ కాకుండా, "అప్పాడా" అని పెద్ద ఊపిరి విడిచాడు.

ఫోను చాలాసేపు నడిచింది. ముగిశాక సంచీ తీసుకుని భుజాన వేసుకుంటూ, "ఇంకా ఏమి నిలబడుకొని ఉండావు, ఆ పక్కా కోసెయ్," అన్నాడు. అయ్యసామి కోశాడు. భూపతితో వచ్చిన కుర్రాళ్లు పలకను వ్యానులో వేసుకుని పోయారు. స్తంభాల మీద నల్లటి మచ్చలు రెండు మిగిలాయి.

రోడ్డు దాటి వచ్చేసరికి పరమేశ్వరి గడపమీద కూర్చుని ఉంది. ముఖమంతా తడి.

"చూసినారా? సంచీ పెట్టినాడు. మెడ తిప్పుకున్నాడు. మీరేమీ చెప్పలేదు కదా?"

"నేనేమీ చెప్పలేదు."

"నా తలమీద చెయ్యి పెట్టి చెప్పండి."

కుడి చెయ్యి పైకి లేవలేదు. ఎడమ చేత్తో ఆమె తల ముట్టుకున్నాడు. భూపతి ఒళ్లు అడ్డం ఉండబట్టి ఆమెకు ఆ సంచీ, ఆ ఊపిరి తప్ప మరేమీ కనిపించలేదని అతనికి అప్పుడు తెలిసింది.

"చొక్కా కాలిందేమి?"

"రవ్వ పడింది."

వెల్డరు చొక్కాకు కన్నం పడితే ఎవరూ రెండోసారి అడగరు. ఆ పూట పరమేశ్వరి కూర్చుని రసమన్నం తిన్నది. తింటూనే కూర్చున్నచోట ఒరిగి నిద్రపోయింది. అయ్యసామి ఆమె చేతిలోని ఎంగిలి తుడిచి, పక్కన కూర్చుని, గోడకు ఆ భుజం తగలకుండా రెండోవైపు ఆనుకున్నాడు. అంత నొప్పిలోనూ అతన్ని తొలిచింది నొప్పి కాదు. ఆ బరువును మోసింది కూతురి పేరున పెట్టిన పలకా, తనా? తను మోస్తే అది లెక్కకు వస్తుందా?

సంవత్సరీకానికి అంజలమ్మ వచ్చింది. పరమేశ్వరి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని అంతా చెప్పింది. సంచీ రెండుసార్లు జారడం, ఆ మనిషి మెడ విరుచుకోవడం, ఏదీ వదల్లేదు. ముసలామె తలాడిస్తూ విని అయ్యసామివైపు చూసింది.

"దించినప్పుడు అది గట్టిగా నిలబడిందా అల్లుడూ? కదల్లేదు కదా?"

"కదల్లేదత్తా," అన్నాడు అయ్యసామి. చెప్పి, నీళ్లు తేవడానికని లోపలికి పోయాడు.