ఎడమ చెవి

క్లెమ్ హార్డ్విక్ కుడి చెవి చచ్చిపోయి చాలా ఏళ్ళయింది. దాన్ని చంపింది ట్రక్కు కిటికీ. ఆస్ట్రేలియాలోని నలర్బార్ బయలు ఎండలో అద్దం దించుకుని, ఎదురుగాలినీ, ఎదురొచ్చే బళ్ళ హోరునూ సగం జీవితం ఆ చెవిలో పోసుకున్నాడు. ఆ సంగతి భార్య బెరిల్‌కి తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే కంపెనీ బండి తాళాలు లాక్కుంటుంది. అరవై దగ్గరపడి, స్టీరింగు తిప్పడం తప్ప మరే పనీ రానివాడికి తాళాలు పోతే ఇంకేం మిగులుతుంది? అందుకే వైద్య పరీక్షకి వెళ్ళినప్పుడల్లా డాక్టరు పెదవులు చూసి జవాబులు చెప్పి గట్టెక్కేవాడు.

రోడ్ల మీద కెమెరాలు వచ్చాక ఫోను చేత్తో పట్టుకునే వీలు పోయింది. ఇంకోసారి దొరికితే ఉద్యోగం మర్చిపొమ్మంది కంపెనీ. అలాగని మానేసేదీ కాదు. వారమంతా రోడ్డు మీదుండే మనిషి కాపురం ఫోనులోనే నడుస్తుంది. కుక్క తిండి మానేసిందన్నా, పక్కింటివాడు చెట్టు కొట్టేశాడన్నా, బెరిల్ అతను సిగ్నల్ ఉన్న చోటికి వచ్చేదాకా కాచుకుని చెప్పాలి.

పోర్ట్ అగస్టాలో హెడ్‌సెట్ కొనడానికి తోటి డ్రైవరు డూలీ వెంట వచ్చాడు.

"ఇది తీసుకోండి," అంది దుకాణంలో అమ్మాయి. "మైకు బయటి చప్పుడంతా ఆపేస్తుంది. ఇంట్లో ఆవిడకి మీ మాట ఒక్కటే వినిపిస్తుంది."

"అయ్యో, వీడి మాట తప్ప ఏదైనా సరే వినిపించేది ఇవ్వమ్మా. పుణ్యముంటుంది," అన్నాడు డూలీ.

క్లెమ్ దాన్ని పక్కన పెట్టి చవకదాని వైపు చెయ్యి చాచాడు.

"రెండు చెవులూ మూసేదా? నీకేమైనా పిచ్చా? నలభై ఎలా వింటావురా?" అని అడ్డుపడ్డాడు డూలీ.

నలభై అంటే ట్రక్కులవాళ్ళ రేడియో చానెల్. ముందు ఆవులున్నాయన్నా, బండి బోల్తా పడిందన్నా, రోడ్డంతా కమ్ముకుంటూ వెడల్పు సరుకు వస్తోందన్నా అందులోనే చెప్పుకుంటారు. ఎవరితో ఏం మాట్లాడుతున్నా ఒక చెవి నలభైకి వదిలిపెట్టాలి. అక్కడ అంతకు మించిన ధర్మం లేదు.

డూలీయే ఆ చవకవాటిలోంచి ఒంటిచెవిది ఏరి, క్లెమ్ కుడి చెవికి తగిలించాడు. "ఇటు పెళ్ళాం, అటు నలభై. పెళ్ళికొడుకులా ఉన్నావు పో."

'ఆ చెవి పనిచెయ్యదురా' అనాల్సింది అప్పుడే. క్లెమ్ నవ్వి ఊరుకున్నాడు.

ఊరు దాటగానే హెడ్‌సెట్‌ని ఎడమ చెవికి మార్చాడు. రేడియో గొంతు చివరికంటా పెంచాడు. అంత మోగితే ఎలాగోలా వినిపించకపోతుందా అనుకున్నాడు. కొన్నాళ్ళు బాగానే గడిచింది.

ఒకరోజు పెనోంగ్ ఊరు దాటి పడమటికి పోతున్నాడు. బెరిల్ కుక్క జబ్బు గురించి చెబుతోంది, అతను అడుగుతున్నాడు. మిట్ట ఎక్కేసరికి రోడ్డు నడిమధ్యన పసుపు దీపాలు తిప్పుకుంటూ, వెడల్పు సరుకు ముందు దారి ఖాళీ చేయించే పైలట్ కారు. దాని వెనక, రోడ్డుకి రెండు వైపులా పొంగిపోయి, గని లారీ తొట్టిని మోసుకొస్తున్న బండి. క్లెమ్ బ్రేకు మీద నిలబడ్డాడు. రోడ్ ట్రైన్ అని పిలిచే ఆ పొడుగాటి బండి వెనక ట్రెయిలర్లు పాములా మెలికలు తిరిగాయి. అతన్ని ఆపాలని చివరిదాకా అడ్డంగా నిలిచిన కారు ఇక ఆగడని తెలిసి పక్కకి దూకింది, ఉప్పుతుప్పల్లో పల్టీలు కొట్టింది. క్లెమ్ బండి ఆ తొట్టికి బారెడు దూరంలో ఆగింది.

కారు నడిపిన పిల్ల పేరు టెగన్. ఆస్పత్రిలో ఆమె కాలు తీసేశారు.

"నేను నలభైలో పిలిచాను," అని చెప్పిందామె. పెద్ద బండివాళ్ళు ఆ సమయంలో తమలో తాము వేరే చానెల్లో మాట్లాడుకుంటున్నారు కాబట్టి వాళ్ళు సాక్ష్యం చెప్పలేకపోయారు. పోలీసు క్లెమ్‌ని అడిగాడు.

"నాకేం వినపడలేదు," అన్నాడు క్లెమ్. అది అబద్ధం కాదు. అందుకే అంత సులువుగా నోటంట వచ్చింది.

ఇంటికి వచ్చాక బెరిల్ భోజనం ప్లేటు ముందు పెట్టి కూర్చుంది.

"ఆ పిల్ల పిలిచిందయ్యా."

"నీకెవరు చెప్పారే?"

"ఎవరో చెప్పడమేంటి, నేనే విన్నాను. నీ హెడ్‌సెట్ మైకులోంచి నీ రేడియో నాకు వినబడింది. 'పడమటికి పోయే రోడ్ ట్రైన్, పక్కకి తీసి ఆపు' అంది. రెండోసారి బతిమాలినట్టు అంది. నువ్వేమో కుక్కకి మందు వేశావా అని అడుగుతున్నావు. విన్నావులే అనుకున్నాను. నన్ను ఎడమ చెవిలో పెట్టుకున్నావని నాకేం తెలుసు?"

"బెరిల్, ఇది బయటికొస్తే నా బండి పోతుంది."

"ఆ పిల్లకి కాలు పోయింది."

అతను తినలేదు. ఆమె తినమననూ లేదు.

మర్నాడు మళ్ళీ బండెక్కాడు. హెడ్‌సెట్ పెట్టుకోలేదు. ఎడమ చెవి ఖాళీగా ఉండటంతో నలభై మొత్తం స్పష్టంగా వినిపించింది. మాట్లాడుకుంటున్నది టెగన్ గురించే.

"పిలిచిందట! నిద్రపోయుంటుంది."

"నిద్రేంట్రా, గోళ్ళకి రంగేసుకుంటూ ఉంటుంది."

"కంపెనీ తీసేసిందట. మంచి పని చేశారు," అన్నాడు డూలీ.

సెడూనా దాకా వింటూనే వెళ్ళాడు. ఆ ఊరి పొలిమేరలో బండి పక్కకి తీసి ఆపాడు. మైకు అందుకున్నాడు.

"నేను క్లెమ్‌ని. ఆ పిల్ల పిలిచింది. రెండుసార్లు పిలిచింది. నేనే వినలేదు. నా కుడి చెవి పనిచెయ్యదు, ఎడమ చెవిలో ఫోను పెట్టుకున్నాను."

డూలీ గొంతు బాగా తగ్గి వచ్చింది.

"నోర్ముయ్యరా క్లెమ్. అందరూ వింటున్నారు."

"విననీ," అన్నాడు క్లెమ్. ఇంజను ఆపేసి, మళ్ళీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు.