ఇంద్రజ ఎంచుకున్న తేలిక పాట

పాట రాదన్న మనిషిని పాడమని బలవంతపెట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. "ఏముందండీ, అందరం మనవాళ్లమే కదా, రెండు ముక్కలు అనేయండి" అంటారు. ఈత రానివాణ్ని నూతి గట్టు మీద నిలబెట్టి దూకెయ్యమన్నట్టే ఉంటుంది. మా ఇంద్రజను అలా గట్టు మీద నిలబెట్టని వాళ్లు దోహాలో తక్కువ.

ఇక్కడి ఐన్ ఖాలిద్‌లో ఒక పెద్ద విల్లాకు మధ్యలో గోడలు లేపి వాటాలు చేసి అద్దెకిచ్చారు. ఒక వాటాలో మేముంటాం, పక్క వాటాలో ఇంద్రజ, ఆదిత్య, వాళ్ల పాప. వాళ్లది తణుకు, మాది హైదరాబాదు. ఆదిత్యకు బ్యాంకులో ఉద్యోగం. ఇంద్రజ ఒక జపాన్ కంపెనీ ఆఫీసులో డాక్యుమెంట్ కంట్రోలరు. ఏ డ్రాయింగు ఎవరి దగ్గరుంది, ఎవరు చూశారు, ఎవరు చూడలేదు, అంతా ఆమెనే అడగాలి. ఆఫీసులో మగాళ్లు కూడా ఆమె మాటకు జంకుతారట. అలాంటి మనిషి పాట అనేసరికి పిల్లి ముందు ఎలుక అయిపోతుంది.

దీనికి మూలం బడిలో ఉంది. పంద్రాగస్టుకు పిల్లలందరి చేతా పాట పాడిస్తూ మాస్టారు వరుస వెంబడి చెవి పెట్టి వింటూ వచ్చి, ఇంద్రజ దగ్గర ఆగారట. "నువ్వు పెదాలు కదుపు చాలమ్మా, గొంతు తియ్యకు" అన్నారట. వరుసంతా నవ్వింది. ఆయన ఆ క్షణమే మర్చిపోయి ఉంటారు. ఈ పిల్ల మాత్రం పెళ్లయి, దేశం దాటి వచ్చాక కూడా మర్చిపోలేదు. నవరాత్రుల్లో పేరంటానికి పిలిస్తే, తాంబూలాల ముందు "ఎవరైనా ఒక పాట అందుకోండి" అన్న మాట వినపడగానే, శనగలు ఉడికాయో లేదో చూసొస్తానని వంటింట్లోకి జారుకుంటుంది. ఆ ఇల్లు ఎవరిదైనా సరే.

అంత జాగ్రత్తగా బతికే మనిషికి ముప్పు ఆఫీసులోనే వచ్చిపడింది.

వాళ్ల మేనేజరు ఇషీదా గారు ఉద్యోగం విరమించి జపాన్ వెళ్లిపోతున్నారు. ఆ కంపెనీలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరు వెళ్లిపోతున్నా, ఎవరు కొత్తగా వచ్చినా, గురువారం సాయంత్రం దోహా బయట అల్ ఖోర్‌లోని కంపెనీ గెస్ట్‌హౌస్‌లో కలుస్తారు. తిండి అయ్యాక కరోకే పెడతారు. తెర మీద పాట మాటలు వస్తుంటాయి, వెనక సంగీతం వస్తుంటుంది, మైకు పట్టుకుని ఎవరి పాట వాళ్లు పాడాలి. బాగా పాడాలన్న నియమం లేదు కానీ, అసలు పాడకుండా కూర్చోవడం మాత్రం మర్యాద కాదు. ఇన్నేళ్లూ ఇంద్రజ ఒకసారి పాపకు జ్వరమనీ, ఒకసారి కారు బాగాలేదనీ, ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంది. ఈసారి మనసొప్పలేదు. తప్పు దొరికితే నలుగురి ముందు అనకుండా పక్కకు పిలిచి మెల్లగా చెప్పే పెద్దమనిషి ఇషీదా గారు. ఆయన వీడ్కోలుకు కూడా అబద్ధం చెబితే మనిషి పుట్టుకేనా అనుకుంది.

"అట్లయితే హిందీ పాట పాడరాదు? నోరు తిరిగిన భాషే కదా" అన్నాను నేను.

"హిందీ పాటలైతే మా ఆఫీసులో హారిస్ గారికీ జైబాకీ కంఠతా వచ్చు అక్కా. ఎక్కడ తప్పానో ఇట్టే పట్టేస్తారు. జపాన్ పాటైతే పాపం భాష రాదు కదా అని సరిపెట్టుకుంటారు" అంది.

పిరికితనానికి ఉన్నంత తెలివి ధైర్యానికి ఉండదు.

ఇంక వేట మొదలైంది. పాడటం రానివాళ్లకు తేలిక జపాన్ పాటలని ఇంటర్నెట్‌లో చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారట. నెమ్మదిగా నడిచే పాట పట్టుకోమన్నారు. గొంతు మరీ పైకి, మరీ కిందికి వెళ్లకూడదు. పల్లవి పదేపదే రావాలి, ఒకసారి తప్పినా రెండోసారి దొరికిపోతుంది. అందరికీ తెలిసిన పాటైతే ఇంకా మేలు, చప్పట్లలో మన గొంతు దాక్కుంటుంది. ఈ చివరిది ఇంద్రజకు అమృతంలా వినిపించింది.

మొదట ఆడపిల్లల బృందం పాడే గంతుల పాట పట్టింది. మాటలు శనగలు పోసినట్టు రాలుతుంటే నాలుక మడతపడింది. తర్వాత మంచు మీద ఏదో విరహగీతం. సగం దాకా బుద్ధిగా నడిచి, ఉన్నట్టుండి అటక ఎక్కింది. ఆ కేక గోడ దాటి మా వంటింట్లోకి వచ్చింది.

"ఏందమ్మా, జపానోళ్లు దిగిండ్రా మీ ఇంట్ల?" అని అడిగాను. పాపం, మర్నాటి నుంచి ఇంట్లో మానేసి కారులో సాధన చేసింది.

ఆ వెతుకులాటలోనే ఒక పాత పాట వినపడి చెయ్యి ఆగిపోయింది. ఆ వరస ఆమెకు తెలుసు. ఇషీదా గారు రోజూ పొద్దున ఆఫీసు ప్యాంట్రీలో టీ కలుపుకుంటూ కూనిరాగం తీసేది అదే. నడక నెమ్మది, ఎత్తుపల్లాలు లేవు, మాటలన్నీ మన తెలుగు మాటల్లాగే చివర అచ్చుతో ఒద్దికగా ఆగుతున్నాయి. వెతుకుతున్నది ఇదే అనిపించింది. పైగా వెళ్లిపోతున్న పెద్దాయనకు ఇష్టమైన పాట. మనిళ్లలో పెద్దవాళ్ల వేడుకలో వాళ్లకు ఇష్టమైన పాటే కదా అడిగి మరీ పాడిస్తాం! ఆదిత్య అదే అన్నాడు, "ఆయన పాటే నువ్వు పాడితే అంతకు మించిన గౌరవం ఏముంటుంది?" అని. నిజమే అనుకున్నాం అందరం.

కారు అద్దాలు బిగించుకుని ఆఫీసుకు వెళ్తూ, వస్తూ పాడుకుంది. ఒక సిగ్నల్ దగ్గర పక్కన కంపెనీ బస్సు ఆగితే, కిటికీలోంచి కూలీల క్యాంపు మనుషులు చూస్తున్నారని నోరు టక్కున మూసేసిందట. కానీ పాట వచ్చేసింది. వచ్చిందని నాకు చెప్పేటప్పుడు ఆమె ముఖం చూడాలి, పరీక్ష పాసైన పిల్లలా ఉంది.

గురువారం సాయంత్రం అల్ ఖోర్ వెళ్లింది. తిండి అయ్యాక పాటలు ఎంచుకునే పలక ఒకటి చేతులు మారుతూ వచ్చింది. ముందే పాడేస్తే పీడ పోతుందని తన పాట మొదట్లోనే పెట్టేసింది.

తెర మీద పాట పేరు పడింది. గదిలో మాటలు ఆగాయి. ఇద్దరు ముగ్గురు జపాన్ వాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. చప్పట్లకు ఎత్తిన చేతులు కొన్ని ఒళ్లోకి దిగిపోయాయి. నా అవతారం చూసి భయపడుతున్నారు అనుకుంది ఇంద్రజ. మైకు రెండు చేతులతో బిగించి పట్టుకుని మొదలుపెట్టింది. మొదటి పాదం తడబడింది. అప్పుడు సోఫాలోంచి ఒక్కరి చప్పట్లు వినిపించాయి. ఇషీదా గారు నవ్వుతూ తాళం వేస్తున్నారు. ఆ తాళం పట్టుకుని చివరిదాకా నడిచింది. ఎక్కడా పడిపోలేదు.

వరండాలోకి పరిగెత్తి ఆదిత్యకు ఫోన్ చేసింది. "పాడేశానండీ! మొత్తం పాడేశాను!" అంది. ఆదిత్య సంతోషం పట్టలేక గోడ కొట్టి మరీ మాకు చెప్పాడు. 

ఇంకొందరు పాడాక ఇషీదా గారి వంతు వచ్చింది. ఆయనదే ఆఖరు. పలక ఆయన చేతికిచ్చారు. ఆయన కళ్లజోడు సర్దుకుని పేజీలు జరిపారు. ఇంకా జరిపారు. చివరికి పలక పక్కన పెట్టి లేచి, అందరికీ వంగి, ఈరోజు గొంతు బాగాలేదు, క్షమించండి అన్నారు. వీడ్కోలు అంతటితో అయిపోయింది.

బయట కార్ల దగ్గర హారిస్ గారు చెప్పారు. ఆయన మన హైదరాబాదు మనిషే, ఆ కంపెనీలో ఎప్పటినుంచో ఉన్నారు.

"గా పాట సార్‌ది, మేడం. ప్రతి పార్టీల ఆఖర్న ఆయన గదే పాడుతడు, అందరం చప్పట్లు కొడ్తం. ఎవలి పాట వాళ్లదే ఈళ్లల్ల. పెద్దోళ్ల పాట ఇంకొకలు ముట్టుకోరు. మీకెవ్వలు చెప్పలేదా?"

ఎవరు చెబుతారు? ఒక్క పార్టీకి వెళ్లి కూర్చున్నా ఆమెకే తెలిసేది. ఇన్నేళ్లూ ఆడిన అబద్ధాలన్నీ కలిసి ఒక్కసారి చెంప మీద కొట్టినట్టయింది. అల్ ఖోర్ నుంచి ఇంటిదాకా ఎలా నడిపిందో తెలియదంది. శుక్ర, శనివారాలు గడప దాటలేదు. అన్నం తీసుకెళ్తే వద్దంది. "పెద్దాయన నోటి దగ్గరిది లాక్కున్నాను అక్కా. అందరూ చూస్తుండగా. పైగా సంబరపడి ఫోన్ చేశాను" అని చెంపలు వాయించుకుంది. తెలియక చేసింది తప్పెట్లా అవుతుందని ఎంత చెప్పినా వినలేదు. సిగ్గుకు తెలిసీ తెలియకా అన్న తేడా లేదు.

ఆదివారం ఆఫీసుకు వెళ్లి, ఇషీదా గారి గది తలుపు కొట్టింది. ఆయన అట్టపెట్టెల్లో సామాను సర్దుకుంటున్నారు. ఇంద్రజ రాత్రంతా కూర్చుకున్న ఇంగ్లీషు మాటలన్నీ మర్చిపోయి, మీ పాట అని తెలియదు సార్, క్షమించండి అని మాత్రం అంది. తల ఎత్తలేకపోయింది.

ఆయన కుర్చీ జరిపి కూర్చోమన్నారు. "అది నా పాటేమీ కాదు. కుర్రతనంలో మా మొదటి మేనేజరు అందరి చేతా పాడించేవాడు. నాకు గొంతు లేదు. పాడటం రానివాడికి ఏ పాట తేలికో వెతికి వెతికి అది పట్టుకున్నాను. మీరూ అలాగే పట్టుకున్నారు కదూ?" అన్నారు.

ఇంద్రజ అవునంది.

"నాకు వచ్చింది అదొక్కటే. రెండోది ఎప్పుడూ నేర్చుకోలేదు."

"మరి నా తర్వాత మళ్లీ అదే పాడొచ్చు కదా సార్?"

"పాడొచ్చు. కానీ నేను పాడి ఉంటే అందరూ గట్టిగా చప్పట్లు కొట్టేవాళ్లు. మీకు అంత కొట్టలేదు. మీరు అక్కడే కూర్చుని ఉన్నారు" అన్నారాయన.

పాట లేక నలుగురి ముందు ఖాళీ చేతులతో నిలబడటం ఎలా ఉంటుందో ఆ ఆఫీసులో ఆమె కంటే బాగా ఎవరికీ తెలియదు. ఆ ఖాళీనే తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టింది. తనకు పడే చప్పట్లు విని ఆమె చిన్నబోకూడదని ఆయన దాన్ని మాట్లాడకుండా తీసుకున్నారు.

"ఇప్పుడు పాడండి సార్. నేను వింటాను. చప్పట్లు కొడతాను" అంది.

ఇషీదా గారు తెరిచి ఉన్న తలుపు వైపు చూశారు. చెవులు ఎర్రబడ్డాయి. తల అడ్డంగా ఊపి, "ఒక్కరి చప్పట్లలో గొంతు దాక్కోదు. ఒక్కరి ముందు పాడేంత ధైర్యం నాకు ఇప్పటికీ లేదు" అన్నారు.