పాత కార్డు అక్కర్లేదన్నాను

ఆ రోజు ఏడో నెల గర్భిణిని ఆఫీసు కిటికీ ముందు నిలబెట్టి, పదిమంది వింటుండగా, ఆమెకు ప్రసవం సెలవులో జీతం రాదని చెప్పి పంపేశాను. రూల్సు తీసి చూడలేదు, ఎవరినీ అడగలేదు. తెలియదని ఒప్పుకోవడం నామోషీ అనిపించి, తెలిసినట్టు చెప్పాను.

మనుబోలు దగ్గర రొయ్యలు వలిచి, ఐసుపెట్టి, ఎగుమతి చేసే ఫ్యాక్టరీలో నేను టైమాఫీసు చూస్తాను. హాజరు, సెలవులు, కొత్తవాళ్ల కాగితాలు నింపడం నా పని. ఆమె మా దగ్గర చేరి అప్పటికి రెండు నెలలే. అంతకుముందు నాయుడుపేట వైపు ఇంకో రొయ్యల ఫ్యాక్టరీలో ఏడాదిన్నర చేసింది. మా బస్సు వాళ్ల ఊరిదాకా వస్తుందని ఇటు మారింది. బిడ్డ పుట్టాక ఆరు నెలలు ఇంట్లో ఉండి చూసుకోవచ్చా, ఇఎస్ఐ బీమా నుంచి జీతం వస్తుందా అని అడిగింది.

"ఫ్యాక్టరీ మారావు కదమ్మా. లెక్క మళ్లీ మొదటినుంచే. రెండు నెలలకు ఏమీ రాదు" అన్నాను.

అయితే నొప్పులు వచ్చేదాకా పనికి వస్తానని, కాన్పయిన నెలన్నరకే మళ్లీ పనిలోకి రానివ్వమని ఆమె మెల్లగా అడిగింది. చూద్దాంలే అన్నాను, ఉపకారం చేస్తున్నవాడిలా.

ఆమె వెనకే, సైజు చూసి రొయ్యలు వేరుచేసే బల్ల దగ్గర పనిచేసే ముస్లిం పెద్దావిడ నిలబడి ఉంది. అందరూ అక్కా అంటారు, నేనూ అంతే. సెలవు చీటీ కోసం వచ్చింది. చీటీ సంగతి మరిచి నన్నే చూసింది.

"ఫ్యాక్టరీ మారితే కడుపులో బిడ్డ కూడా మళ్లీ మొదటి నెల నుంచి మొదలుపెడతాదా సార్?"

వరసంతా నవ్వింది. కళ్లు తుడుచుకుంటున్న గర్భిణి కూడా నవ్వింది. నేను నవ్వలేదు. అక్క అంతటితో వదల్లేదు. తన రెండో కాన్పప్పుడు తానూ ఇట్లాగే కంపెనీ మారిందట. పాత చోట కట్టిన ఇఎస్ఐ చందా, కొత్త చోట కట్టింది కలిపి చూసి జీతం ఇచ్చారట. "నంబరు మనిషిది సార్, ఫ్యాక్టరీది కాదు. ఇంతమందిని చేర్చుకున్నారు, ఆ మాత్రం తెలీదా మీకు?" అని చీటీ తీసుకుని పోయింది.

ఆ మధ్యాహ్నం ఆ గర్భిణి కాగితాలు తీశాను. చేరిన రోజు, పాత ఇఎస్ఐ కార్డు ఇంట్లో ఉందని, మర్నాడు తెస్తానని ఆమె చెప్పింది. రొయ్యల చెరువులన్నీ ఒకేసారి పట్టుబడికొచ్చిన రోజులవి. ముప్పై మందిని ఒక్కరోజులో చేర్చుకోవాలి. ఆగే ఓపిక లేక, పాత నంబరు లేదని రాసి కొత్తది పుట్టించాను. దాంతో కంప్యూటరులో ఆమె ఇద్దరు మనుషులైంది. హక్కు ఒకామెకు ఉంది, కడుపుతో ఉన్నది ఇంకొకామె.

ఆదివారం చర్చి వదిలే వేళకు వాళ్ల ఊరు వెళ్లాను. ఇంటినిండా చుట్టాలు. కానుపు క్షేమంగా జరగాలని ప్రార్థన పెట్టుకున్నారట. నా పెద్దరికం కాపాడుకోవడానికి పక్కకు పిలుద్దామనుకున్నాను. మళ్లీ సిగ్గేసి అందరి ముందే చెప్పాను.

"తప్పు నాదమ్మా. కార్డు తెస్తానన్నావు, నేనే ఆగలేదు. జీతం నీకు వస్తుంది. వచ్చేదాకా నేను తిరుగుతా."

ఆమె బైబిలు అట్టలోంచి కార్డు తెచ్చి ఇచ్చింది. "మర్నాడే తెచ్చినా సార్. పనైపోయింది, అక్కర్లేదు పో అనింది మీరే."

అది నాకు గుర్తే లేదు. తల ఎత్తలేకపోయాను. వాళ్లత్త నన్ను చూసి జాలిపడిందో ఏమో, పీట వాల్చింది. "ముందు భోంచేయండి. రొయ్యలు మాత్రం లేవయ్యా. దినమంతా ఆ వాసన పీల్చి వచ్చి, మా కోడలు ఇంట్లో వండనీదు" అంది. చుట్టాలు పడీపడీ నవ్వారు. కోడికూర రెండుసార్లు వడ్డించారు.

సోమవారం సెలవు పెట్టి నెల్లూరు ఇఎస్ఐ బ్రాంచి ఆఫీసుకు వెళ్లాను. నా తప్పును నా చేత్తోనే రాసిచ్చి, రెండు నంబర్లూ ఒకటి చేయమన్నాను. ఇంకో రెండుసార్లు తిరగాల్సి వచ్చింది. పని జరిగింది, ఆమె ప్రసవం జీతం ఖాయమైంది. ఎనిమిదో నెల నిండగానే ఆమె ఇంటిపట్టున ఉండిపోయింది. ఆడపిల్ల పుట్టింది. ఆ వార్త వచ్చిన పొద్దున బస్సులో ఆడవాళ్లు పంచిన లడ్డూ, దిగీ దిగగానే నా చేతిలో పెట్టారు. అప్పుడే, కిటికీ దగ్గర ఆమెకు చెప్పింది తప్పని వాళ్లందరికీ చెప్పాను. తెలుసులే సార్ అన్నారు.

తర్వాత ఆ ఏడాది చేరినవాళ్ల కాగితాలన్నీ తీసి, ఒక్కొక్కరినీ టీ వేళ పిలిచి పాత కార్డు అడిగాను. ఇంకొందరికి కూడా రెండేసి నంబర్లు బయటపడ్డాయి. అవీ సరిచేయించాను. ఇప్పుడు కొత్తవాళ్లను చేర్చుకునే రోజున మేనేజరుగారిని అడిగి అక్కను ఆఫీసులోకి పిలిపించుకుంటాను. ఇంతకుముందు ఎక్కడ చేశావమ్మా అని ముందు ఆవిడ అడుగుతుంది. ఆ తర్వాతే నేను రాస్తాను.