ఎడమకి తిప్పే వాల్వు

పైపుల పనివాళ్ళ సంఘం గదిలో ముందు వరస కుర్చీ పైపులాయన భార్యకి వదిలారు. ఎదురుగా బల్ల మీద ఆయన ఫొటో, పక్కన అరిగిపోయిన పానా. ఎనభై దాటిన మనిషి పోతే తలుచుకోవడానికి ఎందరు వస్తారులే అనుకుంది గానీ, కాలు పెట్టడానికి చోటు లేదు. వచ్చినవాళ్ళలో సగం మంది ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే.

ఎవరో మాట్లాడుతుండగా చిన్నకోడలు ఫోన్ చేసింది. వంటింటి గోడలో పైపు అతుకు ఊడి, నీళ్ళు స్విచ్చిబోర్డు వైపు కారుతున్నాయట. ఇంట్లో తనూ పసిబిడ్డా తప్ప ఎవరూ లేరట. కంగారు పడకుండా, బోర్డు జోలికి పోకుండా, మెట్ల కింద పెద్ద వాల్వు గట్టిగా తిప్పి కట్టెయ్యమని ఆమె గుసగుసగా చెప్పి పెట్టేసింది.

పెట్టేశాక అసలు సంగతి గుర్తొచ్చింది. ఆ వాల్వు అందరి ఇళ్ళల్లోలాగా కుడికి తిప్పితే మూసుకోదు, ఎడమకి తిప్పాలి. ఎప్పుడూ సగమే తెరిచి ఉంచుతారు. కుడికి తిప్పితే పూర్తిగా తెరుచుకుని, నీళ్ళు ఇంకా ఉధృతంగా వస్తాయి. మళ్ళీ ఫోన్ చేసింది. ఎంతకీ ఎత్తలేదు.

పెళ్ళైన కొత్తలో కట్టుకున్న ఇల్లది. పైపులన్నీ ఆయనే వేశాడు. పాత సామాన్ల కొట్టులో ఆ తిరకాసు వాల్వు కొని, చూసుకోకుండా బిగించి గోడకి సిమెంటు పూసేశాడు. మొదటిరోజే ఆమె కనిపెట్టింది. ఆయన ఒప్పుకుంటేనా? తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. వాల్వు బాగానే ఉంది, లోకమే తిరగేసి తిప్పుతోందనేవాడు. గట్టిగా నిలదీస్తే సంచీ భుజాన వేసుకుని పనికి పోయేవాడు. ఆ సంచీతోనే ముగ్గురు పిల్లల్ని పెంచి పెద్ద చేశాడు. ఒళ్ళు కాలిపోతున్నా ఒక్కపూట ఇంట్లో కూర్చోలేదు. పరాయి ఇంట్లో చుక్క కారుతోందంటే అన్నం ముందునుంచి లేచి వెళ్ళేవాడు. సొంత ఇంటి వాల్వు మాత్రం అలాగే ఉండిపోయింది.

పిల్లలకి నడకతో పాటే అదీ అలవాటైపోయింది. బిడ్డ పుట్టాకే ఈ ఇంటికి వచ్చిన చిన్నకోడలికి ఎవరు చెప్పారు? ఉప్పు డబ్బా ఎక్కడుందో చూపించింది గానీ ఈ ముక్క చెప్పాలని తనకి తట్టనేలేదు.

సంఘం పెద్ద లేచి, పైపులాయన జన్మలో ఒక్క తప్పు చెయ్యలేదన్నాడు. అందరూ తలలూపారు. ఇంకో రోజైతే ఆమె పకపకా నవ్వేది. ఇప్పుడు కళ్ళ ముందు తడిసిన బోర్డూ, నీళ్ళలో చంకన బిడ్డతో నిలబడ్డ పిల్లా తప్ప ఏమీ కనిపించడం లేదు. లేచి నిలబడింది. ఎక్కడికమ్మా అని పెద్దాయన కంగారుపడ్డాడు.

"ఆయన చేసిన తప్పు దగ్గరికి."

సంగతి వినగానే, వెనక వరసలో ఉన్న చిన్నకొడుకు పరుగున వెళ్ళి బండి తీశాడు. బండి మీద వెనక కూర్చుని, దారి పొడుగునా ఆమె ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుంది. పోయిన మనిషిని నోటికొచ్చినట్టు తిట్టింది. వెంటనే, నీ పిల్లల్ని నువ్వే కాపాడుకోవయ్యా అని బతిమాలింది.

ఇంటి ముందు మెట్టు మీద కోడలు కూర్చుని ఉంది. ఒళ్ళో బిడ్డ నిద్రపోతోంది. లోపల నేలంతా తడి, కానీ నీటి చప్పుడు లేదు. ఫోను నీళ్ళలో పడి పాడైపోయిందట.

"ఎలా కట్టావే తల్లీ?"

"ఎడమకి తిప్పాను అత్తయ్యా."

"నీకెవరు చెప్పారు?"

కోడలు కాసేపు నసిగింది. "మామయ్యే. నేనొచ్చిన వారమే మెట్ల కిందకి తీసుకెళ్ళి చూపించారు. వయసులో తొందరపడి కొన్నానమ్మా, తప్పు నాదే అన్నారు. మీకు మాత్రం చెప్పొద్దన్నారు. ఇన్నేళ్ళు వాదించి ఇప్పుడు ఒప్పుకుంటే మీ అత్తయ్య నన్ను బతకనివ్వదు అన్నారు."

ఆమె మెట్టు మీద కూలబడింది. ఆయన పోయిన రోజు కంట తడి పెట్టలేదని బంధువులు చెవులు కొరుక్కున్న మనిషి, ఇప్పుడు నవ్వుతూనే వెక్కివెక్కి ఏడ్చింది.

గోడ పగలగొట్టి కొత్త వాల్వు వేయిస్తానన్నాడు కొడుకు. వద్దంది. ఎడమకి తిప్పాలని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయమంది. వాడు బొగ్గుముక్కతో రాశాడు.

"కింద ఇంకో మాట రాయి."

"ఏం రాయనమ్మా?"

"తప్పు నాదే అని రాయి. మీ నాన్న మాట. ఆయన నోటంట వినలేకపోయాను, కళ్ళారా అయినా చూసుకోనీ."